బయటి వైరుతో సప్లైని లొంగదీయడానికి ‘మొగ్గు’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఛార్జర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టు నాది. ఒక మాట దగ్గర ఆగిపోయాను, పెద్దలు తేల్చాలి.

మా వీధిలో కొమ్ముతో బొమ్మలు చేసే తాత ఉన్నాడు. మెరుగుపెట్టే చక్రం 12 వోల్టుల చిన్న మోటారు మీద తిరుగుతుంది. రెండు చేతులూ కొమ్ము మీదే ఉంటాయి కాబట్టి వేగం కాలితో మార్చుకునేలా చేసిపెట్టమన్నాడు. వోల్టేజి తగ్గించి ఇచ్చే ఎల్ఎమ్ 2596 చిప్పున్న బోర్డు తీసుకున్నాను. దాని మీది ప్రీసెట్టును (తిప్పితే విలువ మారే చిన్న రెసిస్టరు) స్క్రూడ్రైవరుతో తిప్పితే వోల్టేజి మారుతుంది, కానీ కాలితో స్క్రూ తిప్పలేం కదా. అందుకని ప్రీసెట్టు పీకేసి మామూలు రెసిస్టర్లు పెట్టి, అదే చోటికి ఒక సన్న వైరు లాగి, పెడల్లోని వాల్యూమ్ (రేడియోలో శబ్దం పెంచే మీట లాంటిది) నుంచి 0–5 వోల్టులు పంపాను.

తాత చూసి, “ఆ సన్న వైరు ఏటి సేస్తాదిరా?” అన్నాడు.

“మొగ్గేస్తాది తాతా” అనేశాను. ఆలోచించి అన్నది కాదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు.

చిప్పు లోపల జరిగేది తూకమే. ఒక సిబ్బిలో 1.23 వోల్టుల రాయి, అది ఎప్పటికీ మారదు. రెండో సిబ్బిలో బయటికి వెళ్లే వోల్టేజిలోంచి రెండు రెసిస్టర్లు పంచి తెచ్చిన వాటా. ముల్లు నిలబడేదాకా చిప్పు సరుకు పోస్తూనో తీస్తూనో ఉంటుంది, సెకనుకు లక్షన్నర సార్లు స్విచ్చి వేసి తీసి. నా సన్న వైరు ఆ రెండో సిబ్బిలో చిటికెడు బరువు వేస్తుంది. సరుకు ఎక్కువైందనుకుని చిప్పు తగ్గిస్తుంది. తక్కెడ అడుగున చింతపండు అంటించే కొట్టువాడి పనే ఇది, కాకపోతే మంచికి.

తక్కెడ ఒక వైపుకు వాలడాన్ని మొగ్గు అంటాం కదా, దీన్నీ ‘మొగ్గు’ అనడం సరేనా?

గుణుపురం నుంచి ఒక మాస్టారు రాశారు:
“బాబూ, శాస్త్రానికి తగ్గ మాట ఉండాలి. ‘బాహ్య విభవ నియంత్రణ’ అనండి. అర్థంలో తేడా రాదు.”

మాస్టారూ, తేడా పెద్దగా రాదు, నిజమే. కానీ అది తాతకు చెబితే మోటారు వెనక్కి ఇచ్చేస్తాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడి చెప్పిన ఊరు మాది. ఆయన పుట్టినరోజునే ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఊళ్లో కూర్చుని అంత బరువైన మాట నేను మోయలేను. పైగా ‘నియంత్రణ’ అంటే మొత్తం పెత్తనం వైరుదే అనిపిస్తుంది. ఇక్కడ పెత్తనం చిప్పుదే, వైరు తక్కెడను కొంచెం వంచుతుంది, అంతే.

బరంపురం నుంచి ఒక అక్క:
“మా అమ్మ కూరలమ్మితో ‘కాస్త మొగ్గు ఉండాలే’ అని దగ్గరుండి తూయించేది. ఆవిడ తక్కెడను ఒడియాలో నికితి అనేది, మొగ్గు మాత్రం తెలుగులోనే. ఇప్పుడన్నీ అంకెల కాటాలు. వాటికి ముల్లూ లేదు, మొగ్గూ లేదు. ఆ మాట ఎన్నికల వార్తల్లో ‘ఫలానా వైపు మొగ్గు’ అనడానికే మిగిలింది. మీ కొట్లో బతికినా సంతోషమే. ఒక్క సందేహం తమ్ముడూ. మొగ్గు అంటే కొనేవాళ్లకు ఎక్కువ రావడం కదా. నీ వైరు మొగ్గు వేస్తే తగ్గుతోందే?”

అక్కా, నేను బోల్తా పడ్డది అక్కడే. తాత మొదటిసారి పెడల్ తొక్కగానే చక్రం నీరసపడింది, కాలు తీయగానే గిర్రున లేచింది. “తొక్కితే ఎనక్కి పోతాదేటిరా, ఇదేటి ఎడ్డి మోటారు!” అని ఒకటే నవ్వు. లెక్క చెబుతాను. పై రెసిస్టరు 10 కిలో ఓములు, కిందిది 1.2, సన్న వైరు దారిలో ఇంకో 5 (రెండు పదులు జంటగా కట్టాను). వైరులో 0 ఉంటే మోటారుకు 13.9 వోల్టులు, 5 ఉంటే 3.9. వైరులో ఒక వోల్టు పెరిగితే ఇటు రెండు తగ్గుతాయి. ఆ ‘రెండు’ పదిని ఐదుతో భాగిస్తే వచ్చిందే.

మాట తప్పలేదక్కా, మనం నిలబడ్డ చోటు తప్పింది. మొగ్గు సరుకు సిబ్బి వైపే పడింది. అది చూసిన కొట్టువాడు సరుకు వెనక్కి తీసుకున్నాడు. మొగ్గు చూసి మురిసేది కొనేవాళ్లు, మొగ్గు చూసి తీసేసేది అమ్మేవాడు. చిప్పు అమ్మేవాడి జాతి.

వైరులోనూ సరిగ్గా 1.23 వోల్టులే ఉన్నాయనుకోండి. అటూ ఇటూ ఏమీ పారదు, వైరు ఉన్నా లేనట్టే, మోటారుకు 11.5 వోల్టులు. అంతకంటే దిగితే వైరు సిబ్బిలోంచి బరువు ఎత్తేస్తుంది. కాబట్టి మొగ్గు రెండు వైపులా ఉంటుంది. ఎదురు తిరగడం సంగతంటారా, వాల్యూమ్ చివరి కాళ్లు రెండూ తారుమారు చేశాను, సరిపోయింది.

రాయగడ నుంచి ఒక అన్న:
“వైరును మొగ్గు అన్నావు, బాగుంది. మరి ఆ మారని 1.23 సంగతేటి? రిఫరెన్స్ అనే అంటావా?”

అన్నా, పడికట్టు. పడికట్టు రాళ్లు అంటే తూకపు రాళ్లేగా. మనం పడికట్టు మాట (వాడుకలో స్థిరపడే మాట) కోసం వెతుకుతుంటే పడికట్టు రాయే దొరికింది.

మళ్లీ గుణుపురం మాస్టారు:
“పడికట్టుకు ఒప్పుకున్నాను. మొగ్గు మీద ఇంకా ఆలోచిస్తున్నాను. వైరు తెగితే నీ మొగ్గు ఏమవుతుంది?”

మాటను పరీక్షించబోయి నా పనినే పరీక్షించారు మాస్టారూ. తెగితే మొగ్గు ఉండదు, అంటే 11.5 వోల్టులు. కాలు తీసినా చక్రం దాదాపు నిండు వేగంతో తిరుగుతూనే ఉంటుంది, తాత వేళ్లు దాని పక్కనే. మీ ప్రశ్న చదివి రాత్రే వెళ్లి, పెడల్ వైరు బోర్డు చేరే చోట 5 వోల్టులకు ఒక కిలో ఓము రెసిస్టరు కట్టాను. ఇప్పుడు తెగితే 5.2కు పడిపోతుంది. ఆగదు, నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆపడానికి మోకాలికి అందేలా వేరే స్విచ్చి పెట్టాను.

ఇది చదివి ఎవరైనా ఇంట్లో గోడకు పెట్టే ఎస్ఎమ్‌పీఎస్ (గోడ కరెంటును తక్కువ వోల్టుల డీసీ చేసే సప్లై) విప్పబోతే ఒక్క నిమిషం ఆగండి. నాది 24 వోల్టుల మీద నడిచే చిన్న బోర్డు. పెడల్ మైనసూ బోర్డు మైనసూ ఒకటే. గోడ కరెంటు సప్లైలో 230 వోల్టులు లోపల డీసీ అయ్యేసరికి 325 దాకా ఉంటాయి, ప్లగ్గు పీకినా కెపాసిటరులో కాసేపు నిలుస్తాయి. వాటిలో చాలావాటికి తక్కెడ తక్కువ వోల్టులు బయటికి వచ్చే వైపున ఉంటుంది, 431 అనే మూడు కాళ్ల చిప్పు, దాని పడికట్టు రెండున్నర వోల్టులు. మొగ్గు వేస్తే అక్కడే వేయాలి. తక్కెడ ఎక్కడుందో తెలియకపోతే మూత తీయొద్దు.

బరంపురం అక్క:
“ఇంతకీ తాత ఏమంటున్నాడు ఆ వైరుని?”

‘సన్నపేగు’ అంటున్నాడక్కా. నేను మొగ్గు అని రాసి అంటించిన కాగితం మీద సున్నం డబ్బా పెట్టుకున్నాడు.