నాలుగడుగులు పెరిగే చేపకి పర్మిట్ ఉండాలా, అక్కర్లేదా?

మెట్లకింద ట్యాంకు:
ముందు నా తప్పు చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోండి. మూడేళ్ల క్రితం ఒక షాపులో రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లను కొన్నాను. వేలంత ఉంది. నల్లటి వీపు, పక్కన తెల్ల పట్టీ, ఎర్ర తోక, పొడుగాటి మీసాలు. "ట్యాంకుని బట్టే పెరుగుతుంది సార్, భయం లేదు" అన్నాడు షాపతను. నెల తిరక్కుండానే ట్యాంకులో టెట్రాలనే చిన్న చేపలన్నీ మాయం. ఇప్పుడది రెండున్నర అడుగులు దాటింది. ఆరడుగుల ట్యాంకులో వెనక్కి తిరగాలంటే విల్లులా వంగాలి. అద్దానికి రాసుకుని మూతి మీద పుండు పడింది, మానడం లేదు. అమెజాన్‌లో ఈ జాతి నాలుగడుగులు దాటుతుందని కొన్నాక చదివాను. ఎవరినడిగినా వద్దంటున్నారు. మా బావమరిదైతే "చెరువులో వదిలేయ్ బావా, దానికీ పుణ్యం నీకూ పుణ్యం" అంటున్నాడు.

కొన్నరోజు ఎవరైనా ఓ కాగితం చేతిలో పెట్టి "నీ ట్యాంకు కొలతలు రాయి" అని ఉంటే కొనేవాణ్ణి కాదు. అందుకే, మూడడుగులు దాటే జాతి ఏదైనా పర్మిట్ లేకుండా అమ్మకూడదంటాను. మీరేమంటారు?

ఆక్సిజన్ కవరు:
నేనూ షాపువాణ్ణే. మీకు అమ్మింది నేను కాదులెండి. పర్మిట్ పెడితే షాపులో అమ్మకం ఆగుతుంది, చేప ఆగదు సార్. బేరం వాట్సాప్ గ్రూపులో అవుతుంది. కవర్లో ఆక్సిజన్ కొట్టి, థర్మాకోల్ డబ్బాలో పెట్టి, రాత్రి ట్రావెల్స్ బస్సు డిక్కీలో వేస్తే తెల్లారేసరికి మీ ఊళ్లో ఉంటుంది. వాణ్ణి ఎవరు పట్టుకుంటారు? బోర్డు పెట్టుకుని కూర్చున్న నన్ను పట్టుకుంటారు.

ఫైలు నంబరు:
చిన్న సవరణ. కొన్ని పెద్ద చేపలకు కాగితం ఇప్పటికే ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, అడవి జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూల్లో చేర్చారు. వాటిని పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలొచ్చాయి. ఆసియా అరోవానా, అమెజాన్ రాక్షసచేప అరపైమా రెండూ సైటిస్ జాబితాలో ఉన్నవే. కలిసొస్తుందని హాల్లో అరోవానా పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది ఆ ఫారం నింపారో మరి!

మీ రెడ్‌టెయిల్ ఆ జాబితాలో లేదు. మొసలిలాంటి మూతి ఉండే అలిగేటర్ గార్ చేప కూడా లేదు. ఆ జాబితా చూసేది చేపకి ముప్పు ఉందా అని. చేప వల్ల మన చెరువుకి ముప్పు ఉందా అని కాదు. అక్కడే ఉంది చిక్కంతా.

కొల్లేరు కుర్రోడు:
బావమరిది గారికి ఒక నమస్కారం చెప్పండి. ఆ పుణ్యం ఎక్కడ తేలుతుందో మాకు తెలుసు.

మా వలల్లో సక్కర్ ఫిష్ పడుతుందండి. మీరు అద్దం మీద పాచి తింటుందని కొనుక్కునే చేపే. మావాళ్లు దెయ్యం చేప అంటారు. ఒళ్లంతా గట్టి పలకలు, రెక్కలకి ముళ్లు. వలలో చిక్కితే విడదియ్యలేం, కోసుకోవాలి. మార్కెట్లో ఎవడూ కొనడు. గట్లలో బొరియలు తవ్వుతుంది. అది పెరిగేది అడుగు, అడుగున్నరే. మీ మూడడుగుల రూలు పెడితే హాయిగా దాటిపోతుంది. సైజు లెక్క తప్పండి.

ఇంకోటి. మీ షాపుల్లో "షార్క్" అని బుల్లి చేపలు అమ్ముతారు చూడండి, అది మేం చెరువుల్లో పెంచే ఫంగస్ (పంగాసియస్) చేపే. దానికీ పర్మిట్ అడుగుతారా?

ఆక్సిజన్ కవరు:
షార్క్ సంగతి నిజమే. పేరు మారిస్తే పిల్లలు అడిగి మరీ కొంటారు. 😀

స్లాబు లెక్క:
చెరువు సంగతి సరే, ఇంటి సంగతి? నాలుగడుగుల చేప తిరగాలంటే 12 అడుగుల పొడవు, 6 వెడల్పు, 4 లోతు తక్కువేమీ కాదు. 288 ఘనపుటడుగులు, అంటే 8,100 లీటర్ల పైన. నీళ్లే ఎనిమిది టన్నులు. చదరపు మీటరుకు 1,200 కిలోలు పడుతుంది. మామూలు ఇంటి స్లాబును మేం డిజైన్ చేసేది చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన. ఆరు రెట్లు! మూడో అంతస్తులో ఇలాంటిది పెట్టమని ఒకాయన నన్ను అడిగాడు. కింద ఫ్లాట్ వాళ్లకి చెప్పారా అంటే మళ్లీ ఫోన్ చేయలేదు.

నగోయా నుంచి:
నేనుండే ఊళ్లో కోట చుట్టూ కందకం ఉంది. అందులో అలిగేటర్ గార్ కనబడితే పట్టడానికి నానా తంటాలు పడ్డారు. ఎవరో పెంచి, పెద్దదయ్యాక పడేసిందే అయ్యుంటుంది. 2018 ఏప్రిల్ నుంచి జపాన్లో గార్ జాతులన్నిటినీ ప్రమాదకర విదేశీ జీవుల్లో చేర్చారు. కొత్తగా కొనడానికి లేదు. అప్పటికే ఉన్నవాళ్లు అనుమతి తీసుకుని, చేప బతికున్నంతకాలం పెంచుకోవచ్చు. కొలిచింది సైజు కాదు, జాతి పేరు. కొల్లేరు తమ్ముడు చెప్పిందీ అదే కదా?

ఆక్సిజన్ కవరు:
అది జపాన్ అండీ.

ఫైలు నంబరు:
గార్ మన దగ్గరా వచ్చేసింది కదా. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో దొరికింది, భోపాల్లోనూ దొరికింది. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో అరపైమాలు వలల్లో పడ్డాయి. వాటిని ఎవరూ కావాలని వదల్లేదు, పెంపకం చెరువుల గట్లు తెగి వెళ్లాయి. కాబట్టి పర్మిట్లో "వరద నీరు రాని చోటు" అన్న షరతు లేకపోతే అది ఉత్త కాగితమే.

కొల్లేరు కుర్రోడు:
2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ ఇళ్లలోకి వచ్చిందా? మనుషులు డాబాలెక్కారు. అక్వేరియాల్లో ఏమున్నాయో ఎవరు చూశారు? ఆ నీళ్లన్నీ చివరికి మా కొల్లేట్లోకే కదండీ.

మెట్లకింద ట్యాంకు:
సరే, మూడడుగుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. జాతుల పేర్లతో జాబితా ఉండాలి, సక్కర్‌తో సహా. కాగితం భారం కొనేవాడి కంటే ముందు అమ్మేవాడి మీద పడాలి. ట్యాంకు మీద ధర రాసినట్టే "పెరిగితే నాలుగడుగులు" అని రాయాలి. సాకలేనివాడు తెస్తే అమ్మిన షాపే వెనక్కి తీసుకోవాలి.

ఆక్సిజన్ కవరు:
రాయడానికి నాకు అభ్యంతరం లేదు, రేపే రాస్తాను. వెనక్కి తీసుకోవడమే కష్టం. ఇలాంటివి నాలుగొస్తే నా షాపులో మిగతా చేపలుండవు. అయినా మీది ఇప్పుడు ఎంతుంది?

మెట్లకింద ట్యాంకు:
నిన్న టేపు పెట్టి చూశాను. రెండడుగుల ఎనిమిదంగుళాలు.

ఆక్సిజన్ కవరు:
నా దగ్గర పెద్దది ఎనిమిదడుగుల ట్యాంకు. మీ దాని కంటే రెండడుగులే ఎక్కువ. ఆర్నెల్లు ఉంచగలనేమో, ఆ తర్వాత సంగతి నాకూ తెలీదు. ముందు ఆ మూతి పుండు ఫొటో పంపండి, అది మానకుండా కదిలిస్తే దారిలోనే పోతుంది.