అప్‌డేట్: నాయనకు 'వేదం' చూపించా

నాలుగైదు కథలు కలగలిసి నడిచే సినిమాలంటే మా నాయనకు చిరాకు, మొదట ఏది చూపించాలి అని పోయిన వారం అడిగాను కదా. ఎక్కువ మంది క్రిష్ తీసిన 'వేదం' (2010) అన్నారు. నిన్న రాత్రి అనంతపురంలో ఇంట్లోనే చూశాం.

మొదటి అరగంట కష్టమే. "ఈ పిల్లోడెవడు, ఇందాకటోడు ఏమయ్యాడు?" అని ఒకటే ప్రశ్నలు. అల్లు అర్జున్ కేబుల్ రాజు, మనోజ్ రాక్ సింగర్ అని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. సిరిసిల్ల నేతకార్మికుడు రాములుగా నాగయ్య రాగానే మాత్రం నోరు మెదపలేదు. నాయన ధర్మవరంలో ఇరవై ఏళ్లు మగ్గం నేశాడు, వడ్డీ అప్పుల సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాములు కోడలు కిడ్నీ అమ్మితే వచ్చిన డబ్బును రాజు కొట్టేసే చోట లేచి నిలబడ్డాడు. "తిరిగిస్తాడా లేదా, అది చెప్పు ముందు!" నేను చెప్పలేదు.

ఐదు కథలూ హైదరాబాద్ ఆసుపత్రిలో కలిసేసరికి ఇక వివరించే పనే పడలేదు. అనుష్క వేసిన వేశ్య సరోజ కథ దగ్గర కాస్త ఇబ్బందిగా కదిలాడు, అంతే.

పొద్దున కాఫీ తాగుతూ, "ఇట్లాంటిది ఇంకోటుందా?" అన్నాడు. ఈ ఆదివారం 'కేరాఫ్ కంచరపాలెం'. చివరి మలుపు ఎవరూ ఆయనకు చెప్పకుండా చూసుకోవాలి, ముఖ్యంగా మా చెల్లెలు.