మోటారు మూడోసారి కాలింది: తప్పు కేబుల్‌దా, ట్రాన్స్‌ఫార్మర్‌దా?

మిరపతోట: ఏడాదిన్నరలో మూడోసారి కాలింది. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. స్టార్టర్ డబ్బా స్తంభం దగ్గర ఉంది. అక్కణ్నుంచి బోరుకు 200 మీటర్లు, బోరులోకి ఇంకో 100. మొత్తం 2.5 ఎంఎం రాగి కేబులే. మెకానిక్ కేబుల్ మార్చమంటాడు, మా బావ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైందంటాడు. మోటారు ఆపి మీటరు పెడితే డబ్బా దగ్గర 410 వోల్టులు, బోరు దగ్గరా 410. ఇంక కేబుల్ తప్పేముంది?

వైండింగ్ షాపు: అన్నా, ఆపి చూస్తే ఏ కేబులైనా మంచిదే. తీగలో కరెంటు పారితేనే వోల్టేజీ పడిపోతుంది. ఆ రాగి కరెంటుకు పెట్టే అడ్డు (రెసిస్టెన్స్) కిలోమీటరుకు దాదాపు 7.5 ఓంలు, అంటే మీ 300 మీటర్లకు ఒక్కో ఫేజుకు 2.25. 9 ఆంపియర్లు లాగితే ఫేజుల మధ్య సుమారు 28 వోల్టులు కేబుల్లోనే పోతాయి. స్టార్టింగులో ఐదారు రెట్లు లాగుతుంది, అప్పుడు ఎంత పడుతుందో చూసుకోండి. వోల్టేజీ 20 శాతం తగ్గితే మోటారు లాగే బలం 36 శాతం తగ్గుతుంది. తిరగలేక మూలుగుతూ నిలబడిందంటే కాయిల్ పోయినట్టే.

ఇంతకీ విప్పినప్పుడు మూడు ఫేజులూ సమంగా కాలాయా? ఒక ఫేజు తాజాగా మిగిలి ఉంటే అది సింగిల్ ఫేజింగ్, అంటే మూడింటిలో ఒక ఫేజు కరెంటు రాకపోవడం, వేరే కథ.

మిరపతోట: మూడూ సమంగానే కాలాయి తమ్ముడూ.

లైను పని పాతికేళ్లు: కేబుల్ ఒక్కదాన్నే అనడం నేను ఒప్పుకోను. ఊళ్లో అందరూ మోటార్లు వేశాక, నీ మోటారు తిరుగుతుండగా డబ్బా దగ్గర చూడు. అక్కడే తగ్గితే నువ్వు ఎంత లావు కేబుల్ వేసినా ఆ తగ్గుదల పోదు. లైను మీద కరెంటు తగ్గాలంటే ముందు అందరూ మోటార్లకు కెపాసిటర్లు పెట్టుకోండి. ఉచిత కరెంటు షరతుల్లో అదీ ఒకటి, కనెక్షన్ ఇచ్చాక ఎవరూ పట్టించుకోలేదు.

వైండింగ్ షాపు: పెద్దాయనా, కెపాసిటర్ మంచిదే, కాదనను. కానీ డబ్బాలో పెట్టిన కెపాసిటర్ లైను మీద కరెంటును తగ్గిస్తుంది గానీ, డబ్బా నుంచి బోరుకు పోయే కేబుల్లో ఒక్క ఆంపియరూ నేరుగా తగ్గించదు. రైతు అది పెట్టి ధీమాగా ఉంటే నాలుగోసారి నా దగ్గరికే వస్తాడు.

మిరపతోట: ఇవాళ టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే మీటరు) పట్టుకుని కూర్చున్నా. తెల్లవారుజామున నా మోటారు ఒక్కటే తిరుగుతుంటే డబ్బా దగ్గర 396, బోరు మూతి దగ్గర 377. తొమ్మిదింటికి అందరూ వేశాక డబ్బా దగ్గర 358, బోరు మూతి దగ్గర 336. ఆంపియర్లు 9 నుంచి 10.6కి ఎక్కాయి.

లైను పని పాతికేళ్లు: చూశావా, తొమ్మిదింటికి డబ్బా దగ్గరే 38 పోయాయి. అది లైనుది. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనును పొలం దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, అదే పవర్‌కు కరెంటు 26 రెట్లు తక్కువ, లైన్లో పడేది లెక్కలోకి రాదు. ఈ అంకెలు కాగితం మీద రాసి, టైముతో సహా, నీ పక్క రైతులందరి సంతకాలతో అర్జీ ఇవ్వు.

వైండింగ్ షాపు: అర్జీ తప్పకుండా ఇవ్వండి. కానీ బోరు లోపలిదీ కలిపితే కేబుల్లో పోయేది 33 దాకా ఉంది. 6 ఎంఎం వేస్తే 14కి దిగుతుంది. అది ఎవరి సంతకం లేకుండా మీరు చేయగలిగిన పని. బోరులో దిగినదాన్ని మోటారు బయటికి తీసినప్పుడే మార్చండి, పైనున్న 200 మీటర్లు ఈ వారమే.

మిరపతోట: పైది రేపే తెస్తా. అర్జీకి ఏడుగురు ఒప్పుకున్నారు, ఎనిమిదో ఆయన కెపాసిటర్ పెట్టనంటున్నాడు. మాట్లాడి చూస్తా.