ఉప్పునీటి ట్యాంకులో పచ్చ పీచు నాచు తగ్గట్లేదు, చెన్నైలో ఉన్నవాళ్ళు కాస్త సాయం చేయండి

పెరుంగుడి నుంచి:

అందరికీ నమస్కారం. 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి ఏడు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లెన్నీ, ఒక డామ్సెల్ ఉన్నాయి. రాళ్ళన్నీ సిరామిక్‌వే, పగడాలు లేవు. మొదటి నెలలో అద్దం మీదా ఇసుక మీదా గోధుమరంగు పొడి పట్టి దానంతటదే పోయింది. నవంబరులో రాళ్ళ మీద పచ్చటి పీచు మొదలై ఇప్పుడు రెండంగుళాల పొడుగు పెరిగింది, కింద రాయి ఉందన్న సంగతే తెలియట్లేదు. ఇసుక మీద ఒక మూల ముదురు ఎరుపు జిగురు పొర కూడా కట్టింది.

నైట్రేట్ 5 చూపిస్తోంది, ఫాస్ఫేట్ సున్నా. మరి నాచుకి తిండి ఎక్కడ దొరుకుతోంది? పదిహేను రోజులకోసారి బీసెంట్ నగర్ బీచ్ నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్ళు తెచ్చి 40 లీటర్లు మారుస్తున్నా. ఆవిరైనదానికి బదులు ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళే పోస్తున్నా. లైటు పది గంటలు. షాపులో ఇచ్చిన నాచు మందు రెండుసార్లు వేశా, పది రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ రెట్టింపైంది. చేపలకి మా పాప పేర్లు పెట్టుకుంది, వాటికేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

తాంబరం నుంచి:

బ్రదర్, ఎర్ర జిగురుకి ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసేయండి, మాకు మూడు రోజుల్లో పోయింది. పచ్చదానికి మూడు రోజులు లైటు ఆపి ట్యాంకు మీద దుప్పటి కప్పండి.

మొగప్పేర్ నుంచి:

తాంబరం తమ్ముడు చెప్పినవి పనిచేయవని కాదు గానీ, ఆ రెండూ ఇప్పుడే వద్దు. ఎర్ర జిగురు నిజానికి నాచు కాదు, సైనోబాక్టీరియా. ఎరిత్రోమైసిన్‌కి చస్తుంది, కానీ అమ్మోనియాని తినేసే మంచి బాక్టీరియా కూడా అదే నీళ్ళలో, అదే రాళ్ళ మీద ఉంది. దానికి దెబ్బ తగిలితే ముందు పోయేది చేపలే. పైగా చచ్చిన జిగురు కుళ్ళేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తుంది, మన ఊరి వేడికి నీళ్ళలో ఆక్సిజన్ ముందే తక్కువ. ఆ పొరని సన్న పైపుతో పీల్చి తీసేయండి, చాప లేచినట్టు లేస్తుంది. అది కట్టిన మూలకి నీటి ఒరవడి తగలట్లేదని అర్థం, పంపు కాస్త అటు తిప్పండి.

ఇక మీరు వేసిన మందు. నాచు చచ్చింది, కానీ ట్యాంకులోంచి బయటికి పోలేదు కదా. చచ్చిన పీచు అక్కడే కుళ్ళి తను పీల్చుకున్నదంతా మళ్ళీ నీళ్ళలోకి వదిలింది, రెండోసారి రెట్టింపు వచ్చింది ఆ తిండి తినే. ఫాస్ఫేట్ సున్నా రావడం కూడా ఇందుకే. వచ్చింది వచ్చినట్టు పీచు లాగేసుకుంటుంటే కిట్‌కి కనబడేది మిగిలిందే. ఆ సున్నా చూసి ఫాస్ఫేట్ లేదనుకోకండి. ఇంకోటి, సీసా మీద రాగి అని ఉందేమో చూడండి. రాగి ఉంటే చేపలు తట్టుకున్నా నత్తలు, రొయ్యలు తట్టుకోవు, రాళ్ళలో ఇంకి నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. రాగి కిట్‌తో చూసుకోకుండా నత్తలు కొనకండి.

నాకున్న పెద్ద అనుమానం మీరు పోసే నీళ్ళ మీదే. తాగే ఆర్వో అంటే శుద్ధమైన నీళ్ళనుకుంటాం, కానీ చాలా ఇంటి మెషీన్లలో రుచి కోసం టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అని ఒకటుంటుంది, వడకట్టిన నీళ్ళలో కొంత మామూలు నీళ్ళు కావాలనే కలుపుతుంది. మనం తాగడానికి మంచిదే, ట్యాంకుకి కాదు. టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. లీటరుకి 120 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి, రోజుకి రెండు లీటర్లు ఆవిరైతే నెలకి 60 లీటర్లు పోస్తారు, అంటే ఏడు గ్రాములకి పైగా ఏవేవో లవణాలు. ఆవిరై పోయేది నీరొక్కటే, అవి ట్యాంకులోనే పేరుకుంటాయి. వాటిలో నైట్రేట్ ఎంత, సిలికేట్ ఎంత అన్నది సంపులోకి ఆ వారం ఏం వచ్చిందో దాన్నిబట్టి ఉంటుంది. నెమ్మేలిలో 2013 నుంచి సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసి దక్షిణ చెన్నైకి ఇస్తున్నారు, అదొక్కటే వస్తే ఇంత బాధ ఉండదు, కానీ అపార్ట్‌మెంట్లలో లారీ నీళ్ళూ బోరు నీళ్ళూ అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. కంట్రోలర్‌కి ముందే, వడకట్టే మెంబ్రేన్ దాటగానే ఒక పైపు తీసి దానికి డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పీల్చేసే గుళికలు) గొట్టం తగిలించండి. మీటరు సున్నా చూపించాలి. సున్నా కాకుండా పెరగడం మొదలైతే రెజిన్ అయిపోయినట్టే.

తర్వాత మేత. ఎండు మేతలో ఒక శాతం భాస్వరం ఉందనుకుందాం, తక్కువే వేస్తున్నా లెక్క. ఒక గ్రాములో 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్‌గా చూస్తే 30. మీ 200 లీటర్లకి పంచితే 0.15 పీపీఎం, అంటే లీటరుకి 0.15 మిల్లీగ్రాములు. ట్యాంకులో 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే బాగుందనుకుంటాం మనం. అందులో కొంత చేప ఒంటికి పడుతుంది నిజమే, అయినా రోజూ చిటికెడు ఎక్కువ పడితే ఎక్కడికి పోతుందో చూడండి. నాలుగు చిన్న చేపలకి ఒక నిమిషంలో తినేంత చాలు. ఫ్రోజెన్ మేతైతే టీ జల్లెడలో కడిగి, కరిగిన ఆ నీళ్ళు పారబోసి వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం చేత్తో పీకడం. ఓపిక కావాలి, కానీ పీకిన ప్రతి పిడికెడూ ఫాస్ఫేట్‌ని మోసుకుని బయటికి పోతున్నట్టే. నీళ్ళు మార్చే రోజున తీసిన పాత ట్యాంకు నీళ్ళు ఒక బకెట్లో పెట్టుకుని రాయి అందులో ముంచండి. పీచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దారం పేనినట్టు మెల్లిగా తిప్పుతూ లాగితే మొదలుతో సహా ఊడొస్తుంది, గభాల్న లాగితే తెగిపోయి మొదలు రాతి మీదే మిగులుతుంది. మిగిలినదాన్ని గట్టి టూత్‌బ్రష్‌తో రుద్ది, రాయిని అదే నీళ్ళలో జాడించి పెట్టేయండి. కుళాయి కింద మాత్రం కడగొద్దు, మంచి బాక్టీరియా పోతుంది. ఒక ఆదివారం రెండు రాళ్ళు, పై ఆదివారం ఇంకో రెండు. లైటు ఏడు గంటలకి తగ్గించండి, చీకటి చేయడం ఇప్పుడనవసరం, ఇంత పీచు ఒక్కసారిగా చస్తే మందు వేసినప్పటి కథే మళ్ళీ.

ఎవరైనా లైవ్ రాక్ (జీవులతో సహా సముద్రంలోంచి తీసిన పగడపు రాయి) తెచ్చి వేసుకోమంటారు, వద్దు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, సముద్రంలోంచి పీకి తెచ్చిన పగడపు రాయి మనింట్లో ఉండకూడదు. మీ సిరామిక్ రాళ్ళు బంగారంలా పనికొస్తాయి.

నీలాంకరై నుంచి:

అక్క అన్నీ చెప్పింది, సముద్రపు నీళ్ళ గురించి నేనొక మాట చెప్తా. నేనూ తెచ్చుకునేవాణ్ణే. బీసెంట్ నగర్‌కి ఉత్తరాన పక్కనే అడయారు నది సముద్రంలో కలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది, అదే వర్షాకాలం, నదిలో కొట్టుకొచ్చే మురుగంతా బీసెంట్ నగర్ వైపే వస్తుంది. మీకు పీచు నవంబరులో మొదలవడానికి అదే కారణమై ఉండొచ్చు. క్యాన్‌లో నీళ్ళు తేటగా కనబడినా ఫాస్ఫేట్ కంటికి కనబడదు, ట్యాంకు నీళ్ళు కాదు, తెచ్చిన నీళ్ళని పోయకముందే టెస్ట్ చేయండి. వానల తర్వాత ఉప్పు శాతం కూడా పడిపోతుంది, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 ఉండాల్సింది బాగా తక్కువ చూపిస్తుంది.

2019 ఆగస్టులో తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ అలలు రాత్రిపూట నీలంగా మెరిశాయి గుర్తుందా? అది నాక్టిలూకా, డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవుల్లో ఒకటి. అలాంటి సూక్ష్మజీవులెన్నో ఆ క్యాన్‌లో మనింటికి వస్తాయి. నేను వానాకాలమంతా ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు పొడి కలుపుకుంటా. ఫిబ్రవరి తర్వాత, వాన పడి కనీసం మూడు వారాలైతేనే తెస్తా, అదీ కోవళం అవతల నుంచి.

పెరుంగుడి నుంచి:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఇప్పుడే చూశా, ఆర్వో నీళ్ళ టీడీఎస్ 118. క్యాన్‌లో మిగిలిన సముద్రపు నీళ్ళలో ఫాస్ఫేట్ 0.25. మార్చినప్పుడల్లా నేనే పోస్తున్నానన్నమాట. సీసా మీద రాగి ఉంది. ఫాస్ఫేట్‌ని పీల్చే జీఎఫ్ఓ ఒక సంచీడు వేయనా?

మొగప్పేర్ నుంచి:

వేయండి, కానీ డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా ఫాస్ఫేటూ నైట్రేటూ రెండూ సున్నాకి పోతే పచ్చ పీచు పోయిన చోట డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లు, దిగుతాయి. గోధుమరంగు జిగురు తీగలు, వాటి కొసన గాలి బుడగలు. పీచుతో వేగడం దానికన్నా వెయ్యి రెట్లు నయం. ట్యాంకు కింద ఫిల్టరు తొట్టి (దాన్నీ సంప్ అనే అంటారు) ఉంటే అందులో కీటో అనే పెంచుకునే నాచు ఒక ఉండ వేసి రాత్రిపూట లైటు పెట్టండి, పీచు తినాల్సిన తిండి అది తింటుంది, నెలకి సగం తీసి పారేయొచ్చు. రాగి లాగడానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, కిట్‌లో సున్నా వచ్చేదాకా నత్తల జోలికి వెళ్ళకండి. ఆ తర్వాత నాలుగైదు టర్బో నత్తలు చాలు. అవి కురచ నాచునే గీకుతాయి, రెండంగుళాల పీచుని ముట్టవు. బీచ్‌లో ఏరుకురావద్దు, కొన్ని శంఖు జాతులకి కూడా చట్టరక్షణ ఉంది. కొళత్తూరు షాపుల్లో అడగండి.

పెరుంగుడి నుంచి (ఆరు వారాల తర్వాత):

డీఐ పెట్టించా, మీటరు సున్నా. ఉప్పు పొడికి మారా. నాలుగు ఆదివారాలు పీకాం, మా పాప టూత్‌బ్రష్ పని తీసుకుంది. మొదటి రెండు వారాలు ఏమీ తేడా లేదు, మానేద్దామనుకున్నా. మూడో వారం నుంచి రాళ్ళు కనబడుతున్నాయి. ఎర్ర జిగురు పంపు తిప్పాక మళ్ళీ కట్టలేదు. ఫాస్ఫేట్ ఇప్పుడు 0.06 చూపిస్తోంది, పీచు తగ్గింది కాబట్టి నీళ్ళలో కనబడుతోందని అర్థం చేసుకున్నా. కానీ ఒక్క రాయి మీద మాత్రం ఎంత పీకినా వారంలో వచ్చేస్తోంది.

మొగప్పేర్ నుంచి:

దాని పోగొకటి తెంపి తెల్ల సాసర్‌లో నీళ్ళు పోసి పెట్టి చూడండి. వెంట్రుకలా ఏకంగా ఉంటే పాతదే. మధ్యలో ఈనె ఉండి అటూ ఇటూ పక్షి ఈకలా చీలి ఉంటే బ్రయాప్సిస్ అనే మొండి నాచు, అది తిండి తగ్గించినంత మాత్రాన పోదు. దానికి ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు వాడేవాళ్ళున్నారు గానీ మీకు అంత అవసరం లేదు, సిరామిక్ రాయే కదా. ఆ ఒక్కటీ బయటికి తీసి, మేడ మీద ఎండలో రెండు వారాలు పెళుసుబారేదాకా ఆరనిచ్చి, ఎండిన పీచు బ్రష్‌తో రాల్చేసి, సున్నా టీడీఎస్ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి తిరిగి పెట్టండి. ఈ రెండు వారాలూ వేరే రాయి ఏదీ తీయకండి, మేత కూడా కొంచెం తగ్గించండి.