పవర్ సిస్టమ్స్ పాఠం చెప్పాలంటే ముందు ఫీల్డ్‌లో పనిచేయాలా?

బస్‌బార్:
సోలార్, విండ్ విద్యుత్తును గ్రిడ్‌కి కలపడం మీద పీహెచ్‌డీ చేసి, తర్వాత పాఠాలు చెప్పాలని నా కోరిక. మాస్టర్స్ అయిపోవచ్చింది. గైడ్ వెంటనే చేరిపొమ్మంటున్నారు. ముందు రెండేళ్లు సబ్‌స్టేషన్‌లోనో కంట్రోల్ రూమ్‌లోనో పనిచేసి రమ్మని సీనియర్లు అంటున్నారు. ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

రిలే టెస్టర్:
ముందు పనే. గట్టిగానే చెబుతున్నాను. పేపర్లలో తరచూ కనిపించే ఆ 14 బస్ సిస్టమ్ (14 కూడళ్లున్న నమూనా గ్రిడ్) 1962 నాటి అమెరికన్ నెట్‌వర్క్‌లో ఒక ముక్క. లోడ్ ఫ్లో, అంటే ఏ లైనులో ఎంత విద్యుత్తు పారుతుందన్న లెక్క, నేర్చుకోవడానికి అది బంగారం. దానికే ఒక సోలార్ ప్లాంటు తగిలించి ఇంటిగ్రేషన్ స్టడీ అంటే మాత్రం నా మనసు ఒప్పుకోదు.

2016 సెప్టెంబరు 28న సౌత్ ఆస్ట్రేలియా మొత్తం చీకటైంది. సుడిగాలులకు టవర్లు కూలి వరసగా ఫాల్టులు (షార్ట్ సర్క్యూట్లు) వచ్చాయి. విండ్ టర్బైన్లు మొదట తట్టుకున్నాయి. కానీ తక్కువ వ్యవధిలో ఇన్నిసార్లకు మించి వోల్టేజీ పడితే ఉత్పత్తి తగ్గించాలనో ఆపేయాలనో చాలావాటిలో సెట్టింగ్ ఉంది. 456 మెగావాట్లు తగ్గాయి, ఆ భారం పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి వచ్చే ఇంటర్‌కనెక్టర్ లైను మీద పడి అదీ ట్రిప్ అయింది. ఆ సెట్టింగ్ సంగతి గ్రిడ్ నడిపేవాళ్లకే ముందు తెలియదు.

నేను కమిషనింగ్‌లో ఉండగా ఒక ప్లాంటులో డ్రాయింగ్‌లో ఉన్న డిలే ఒకటి, రిలేలో (ఫాల్టు వస్తే లైను కట్ చేయించే పరికరంలో) ఉన్నది మరొకటి. అలాంటిది ఒక్కసారి కళ్లారా చూస్తే, మోడల్‌ని ఎంతవరకు నమ్మాలో జీవితాంతం గుర్తుంటుంది.

ఐగెన్:
రిలే టెస్టర్ గారూ, మీ ఉదాహరణే మీ వాదనకు అడ్డొస్తోంది. ఆ సెట్టింగ్ ఫీల్డ్‌లోనే ఉంది కదా! ఒక్కో టర్బైనును విడిగా చూస్తే అందులో తప్పేమీ కనిపించదు. అన్నీ కలిసి ఒకేసారి అలా చేస్తే ఏమవుతుందన్నది సిస్టమ్ మొత్తాన్ని లెక్కగట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్న. ఇన్వర్టర్ (సోలార్ డీసీని గ్రిడ్‌కి కావలసిన ఏసీగా మార్చే పరికరం) చేత జనరేటర్‌లో తిరిగే రోటర్ పని చేయించే వర్చువల్ సింక్రనస్ మెషీన్ గురించి 2007లో బెక్, హెస్సే రాశారు. వాళ్లది విశ్వవిద్యాలయమే. పైగా రెండేళ్లకని వెళ్లి షిఫ్టుల్లో ఆరేళ్లు ఉండిపోయిన స్నేహితులు నాకున్నారు. కంట్రోల్ థియరీ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సి వచ్చింది వాళ్లకి.

రిలే టెస్టర్:
తిరిగి రావడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆ 2016లోనే ఆగస్టులో కాలిఫోర్నియాలో కార్చిచ్చు వల్ల లైన్లు ఫాల్టయి, దాదాపు 1,200 మెగావాట్ల సోలార్ ఉత్పత్తి పోయింది. ఫ్రీక్వెన్సీ నిజంగా అంత పడలేదు. ఫాల్టులో చెదిరిన వేవ్‌ఫారాన్ని కొలిచి చాలా ఇన్వర్టర్లు అది బాగా పడిందనుకుని ఆగిపోయాయి. రికార్డులు తిరగేస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

బస్‌బార్ గారూ, ఉద్యోగం కుదరకపోతే కనీసం ఒక ప్లాంటు ఫాల్ట్ రికార్డులు ఇప్పించగలరా అని గైడ్‌ని అడగండి. ఇప్పించగలిగితేనే చేరండి.

బస్‌బార్:
అడిగాను. ఒక విండ్ ప్లాంటువి మూడేళ్ల రికార్డులు ల్యాబ్‌లో ఉన్నాయట, ఇప్పటిదాకా ఎవరూ తెరవలేదట. చేరుతున్నాను.