చేవెళ్ల మర్రిచెట్లు: రోడ్డు కోసం తీసేయాల్సిందేనా?

వికారాబాద్ ప్రయాణికుడు:
హైదరాబాద్–బీజాపూర్ హైవేలో పోలీస్ అకాడమీ జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రోడ్డు పక్కనంతా పాత మర్రిచెట్లు. పదేళ్లుగా ఈ దారిలోనే బస్సులో డ్యూటీకి వెళ్లొస్తున్నా. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది, 19 మంది పోయారు. ఇప్పటికీ టిప్పర్ ఎదురొస్తే నాకు గుండె దడే. ఈ రోడ్డును నాలుగు లైన్లు చేసే పని ఇన్నేళ్లు ఆగింది, మర్రిచెట్లు కొట్టొద్దని వేసిన కేసు వల్లే కదా? మనిషి ప్రాణం కన్నా మర్రిచెట్టు ఎక్కువా?

మొయినాబాద్ రైతుబిడ్డ:
అన్నా, ఆ రోజు మా ఇంట్లోనూ ఎవరికీ ముద్ద దిగలేదు. రోడ్డు వెడల్పు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ చెట్ల కోసం కొట్లాడినవాళ్లు రోడ్డే వద్దనలేదు. చెట్ల మధ్య ఉన్న పాత రోడ్డును ఒకవైపు రాకపోకలకు ఉంచి, రెండోవైపుకు పక్కన కొత్త లైన్లు వేయమన్నారు. అలా చేస్తే ఎదురెదురుగా గుద్దుకునే ప్రమాదమే తగ్గుతుంది.

"చెట్లను పీకి వేరేచోట నాటుతాం" అని అధికారులు అనే మాట నాకు మింగుడుపడదు. కొమ్మలన్నీ నరికి, వేళ్లు కోసి, మొండెం ఒక్కటే క్రేన్‌తో ఎత్తుకెళ్తారు. అది చిగురేసినా ఆ ఊడలు, ఆ నీడ మన పిల్లల కాలానికైనా వస్తాయా? ఇలాంటి మర్రిచెట్లు ఈ దారిలో దాదాపు 900 ఉన్నాయి. మర్రిపండ్ల కాలంలో ఒక్క చెట్టు కింద నిలబడి చూడండి. పచ్చపావురాలు, గోరింకలు, చీకటిపడితే గబ్బిలాలు. కింద మక్కకంకులు కాల్చే అమ్మలకు ఎండాకాలమంతా అదే కప్పు.

వికారాబాద్ ప్రయాణికుడు:
పక్కన లైన్లంటే పోయేది రైతు భూమే కదా తమ్మీ. వాళ్ల సంగతేంటి?

మొయినాబాద్ రైతుబిడ్డ:
నిజమే, మాదీ రోడ్డు పక్క పొలమే. చెట్లు కొట్టేసి వెడల్పు చేసినా భూమి తీసుకోక తప్పదు. సరైన రేటు కట్టిస్తే ఇస్తామని మా నాన్న ఎప్పుడో అన్నాడు. మలుపులో ఎదుటి బండి కనబడకుండా అడ్డొచ్చే చెట్టుంటే దాన్ని తీయండి, నేనే ఒప్పుకుంటా. కానీ ఒక్కో చెట్టూ చూసి నిర్ణయించాలి. మా పొలం ముందున్న మర్రికి పెయింట్‌తో నంబర్ వేశారు. మా తాత ఎడ్లను కట్టేసింది దాని కిందే.