థార్‌ను ఎక్కించేటప్పుడు ర్యాంపులు జారిపోతున్నాయి

ప్రశ్న: ఆయిల్ మార్చడానికి నా మహీంద్రా థార్‌ను ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కించబోతే, ముందు చక్రాలు తగలగానే అవి నున్నటి సిమెంటు నేల మీద ముందుకు జారిపోతున్నాయి. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1: మీరు బహుశా టూ హైలో, అంటే రెండు చక్రాలకే ఇంజన్ శక్తి అందే మామూలు గేరు అమరికలో నడుపుతున్నారు. అప్పుడు వెనుక చక్రాలు మాత్రమే బండిని నెడతాయి కనుక, ఇంజన్ శక్తి అందని ముందు చక్రాలు ర్యాంపును ఎదురుగా తోస్తాయి. ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే తక్కువ వేగపు గేరు అమరికలో పెట్టి, స్టీరింగును తిన్నగా ఉంచి నిదానంగా ఎక్కిస్తే, ముందు చక్రాలు కూడా పైకి పాకుతాయి కాబట్టి ఆ తోపు చాలావరకు తగ్గుతుంది.

జవాబు 2: పై సలహా సరైనదే, అయితే యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కితే ర్యాంపు వెనక్కి విసురుగా రావచ్చు. నేను ర్యాంపు కింద మందపాటి రబ్బరు చాపను పరిచి, దాని అంచు చక్రం కిందికి వచ్చేలా వేస్తాను; బండి బరువే దానిని కదలకుండా పట్టి ఉంచుతుంది. కిందికి దూరే ముందు వెనుక చక్రాలకు అడ్డుచెక్కలు తప్పక పెట్టండి, హ్యాండ్‌బ్రేకును మాత్రమే నమ్మకండి.